పట్టు వదిలే ఉంగరం

ఇన్షిరాహ్‌కి పెళ్ళి కుదిరేనాటికి ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. దుమ్యాత్‌లో ఆ వయసు ఆడవాళ్ళకి బడికెళ్ళే పిల్లలుంటారు. ఆమె మాత్రం తండ్రి పోయిన మరుసటి ఏడు, పదహారో ఏట, సోఫాలు కుట్టే కార్ఖానాలో చేరి అక్కడే ఉండిపోయింది. నైలు నది సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఉన్న ఆ పట్నంలో సందుకి నాలుగు వడ్రంగి షెడ్లు, రెండు సోఫా కార్ఖానాలు. గాలిలో ఎప్పుడూ రంపపు పొట్టు వాసనే. పనికి కొదవ లేదు. కుర్చీ సీటు అంచున వంపు సూదితో వేసిన కుట్టు చూసి, ఇది ఇన్షిరాహ్ చేతిదని దుకాణదార్లు చెప్పేయగలిగేవారు.

అంతకుముందు ఒకసారి ఆమె నిశ్చితార్థం జరిగి చెడిపోయింది. ఇరవై రెండో ఏట ఒక ఆఫీసు గుమాస్తా ఉంగరం ఆమె కుడిచేతికి పదకొండు నెలలు ఉంది. పన్నెండో నెలలో అతని తల్లి వచ్చి, "పెళ్ళయ్యాక మా కోడలు కార్ఖానా గడప తొక్కడానికి వీల్లేదు," అంది. ఇన్షిరాహ్ వారం రోజులు ఆలోచించింది. తర్వాత ఉంగరం, గాజులు, గొలుసు అన్నీ వచ్చిన ఎర్ర పెట్టెలోనే సర్ది మేనమామ చేత వెనక్కి పంపేసింది. కాదన్నది అమ్మాయి అయితే నగలు తిరిగిచ్చేయాలి, అది అక్కడి పద్ధతి. తల్లి హమీదా మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు లేచి తిని, "పోనీలే, వాడి చెవులు కూడా పెద్దవి," అంది. కానీ వీధిలో ఎవరు ఏమంటున్నారో అన్న దిగులు మాత్రం ఆవిడని వదల్లేదు. మగదిక్కు లేని కొంపకి వీధివాళ్ళ మాటే కాపలా అనుకునే మనిషి ఆవిడ.

రిద్వాన్ లేత్ మేస్త్రీ. కొయ్యని మిషన్ మీద గిర్రున తిప్పుతూ కుర్చీలకీ బల్లలకీ కాళ్ళు చెక్కేవాడు. మూడు సందుల అవతల సొంత షెడ్డు. వయసు ముప్పై ఆరు. ప్రతి మంగళవారం కాళ్ళ కట్టలు భుజాన వేసుకుని ఇన్షిరాహ్ పనిచేసే కార్ఖానాకి వచ్చేవాడు. ఆమె కుట్టుని కాసేపు నిలబడి చూసేవాడు. ఒకరోజు, "మీ కుట్టు నా కాళ్ళకన్నా తిన్నగా ఉందండీ," అన్నాడు.

"మీ కాళ్ళదేముంది, నాలుగూ ఒకే ఎత్తులో ఉంటే చాలు. పోయిన వారం దానికి ఒకటి పొట్టిది," అంది ఆమె తలెత్తకుండా.

అతను ఆ కుర్చీని ఎత్తుకుపోయాడు. మర్నాడు తెచ్చి దింపి, "నాలుగూ కొలిచాను. పొట్టిది కాలు కాదు. మీ నేల గుంటపడింది," అన్నాడు. ఇన్షిరాహ్ నవ్వింది. కార్ఖానాలో మిగతా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె అలా పైకి నవ్వి చాలాకాలమైంది.

రిద్వాన్ కుడిచేతికి ఉంగరపు వేలు లేదు, మొదలంటా పోయింది. చిటికెన వేలికి పై కణుపు లేదు. దుమ్యాత్‌లో అది వింతేమీ కాదు, ఏ సందులో చూసినా వేళ్ళు తక్కువైనవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఎలా పోయిందని ఎవరూ అడగరు. ఇన్షిరాహ్ కూడా అడగలేదు.

ఆ శీతాకాలం రిద్వాన్ అక్క అవాతిఫ్ రెండు కిలోల మషబ్బక్ పట్టుకుని హమీదా ఇంటికి వచ్చింది. జిలేబీని వెడల్పుగా, వలలా అల్లినట్టుండే ఆ మిఠాయి లేకుండా ఆ ఊళ్ళో పెళ్ళిమాట మొదలవదు. హమీదా అన్నీ అడిగింది. షెడ్డు ఎవరిది, ఇల్లు ఎవరిది, సిగరెట్లు కాలుస్తాడా, పెళ్ళయ్యాక అమ్మాయి పని మానాలా. చివరి ప్రశ్నకి అవాతిఫ్ ఆశ్చర్యపోయింది. "మానడమేంటి పిన్నీ? దాని కుట్టు చూసేగా వీడు పడిపోయింది!" అంది. రెండు వారాల తర్వాత మేనమామ వచ్చి, రిద్వాన్ చేతిలో చెయ్యివేసి ఖురాన్‌లోని ఫాతిహా చదివాడు. మాట ఖాయమైంది. ఆ శుక్రవారం హమీదా బాతు కడుపునిండా ఉల్లిపాయలు కూరి వండి, కాబోయే అల్లుడికి తొడముక్క తన చేత్తో వడ్డించింది. అతను వద్దనకుండా అంతా తిన్నాడు. అది హమీదాకి బాగా నచ్చింది.

ఇక బంగారం కొనడం మిగిలింది.

బుధవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక నలుగురూ బయల్దేరారు. ఇన్షిరాహ్, హమీదా, రిద్వాన్, అవాతిఫ్. ఎక్కడికి వెళ్తున్నారో వీధికి తెలుసు. తిరిగొచ్చేసరికి సంబరంగా గొంతెత్తి కూతలు పెట్టడానికి కిటికీల్లో ఆడవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

కంసాలి లబీబ్ డెబ్బై ఏళ్ళ మనిషి, క్రైస్తవుడు. హమీదా పెళ్ళి ఉంగరం కూడా ఆయన కొట్టులోదే. "రామ్మా, రా. పెళ్ళికూతురెవరో చెప్పక్కర్లేదు, మొహంలోనే కనిపిస్తోంది," అంటూ కుర్చీలు వేయించి, అందరికీ మందార షర్బత్ తెప్పించాడు. కొలత రింగుల గుత్తి తీసి ఇన్షిరాహ్ వేలి కొలత చూశాడు. తర్వాత రిద్వాన్ వైపు తిరిగి, "ఏదీ బాబూ, చెయ్యి ఇలా పెట్టు," అన్నాడు.

రిద్వాన్ ఎడమచెయ్యి చాపాడు.

"కుడిది, నాయనా. ఇప్పుడు కుడిచేతికి, పెళ్ళినాడు ఎడమకి మార్చుకుంటారు. కంగారులో ఉన్నట్టున్నావు," అని లబీబ్ నవ్వాడు.

రిద్వాన్ మెల్లిగా కుడిచెయ్యి అద్దపు బల్ల మీద పెట్టాడు. లబీబ్ గుత్తి పట్టుకుని అలాగే ఆగిపోయాడు. హమీదా షర్బత్ గ్లాసులోకి చూడసాగింది.

ముందు అవాతిఫే అంది. "దీనికేముంది, మొదట్నించీ ఎడమచేతికే పెట్టేస్తే సరి. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరా? వీధి వీధంతా చూస్తుందమ్మా!" అంది హమీదా. "ఎడమచేతికి ఉంగరం ఉందంటే పెళ్ళయినవాడనే లెక్క. రేపు ఆ చేత్తో మా గుమ్మంలోకి వస్తుంటే ఏమంటారు? హమీదా తన కూతుర్ని పెళ్ళయినవాడికి రెండో పెళ్ళాంగా ఇస్తోంది అనరూ? ఇంటింటికీ వెళ్ళి నేను సంజాయిషీ చెప్పుకోనా?"

"పోనీ గొలుసుకి గుచ్చి మెళ్ళో వేసుకుంటే?"

"మగాడు మెళ్ళో గొలుసా! చక్కగా ఉంది."

"మధ్యవేలికి పెట్టుకోవచ్చు," అన్నాడు లబీబ్ జాగ్రత్తగా. "నేను చాలామందికి..."

"నాకు ఉంగరం వద్దు," అన్నాడు రిద్వాన్.

అందరూ అతని వైపు తిరిగారు. అతను బల్లకేసి చూస్తూనే అన్నాడు. "ఇన్షిరాహ్‌కి నచ్చినవన్నీ తీసుకోండి. ఉంగరం, గాజులు, గొలుసు, అన్నీ. ఇచ్చిన మాట తప్పను. నాకు మాత్రం వద్దు. ఏ చేతికీ వద్దు, ఏ వేలికీ వద్దు."

"అదేం మాట బాబూ?" హమీదా గొంతు పెరిగింది. "మన మతంలో మగాళ్ళు బంగారం పెట్టుకోకూడదు సరే, వెండిది పెట్టుకోవడానికేం? నా కూతురొక్కతే పెట్టుకు తిరిగితే దాన్ని నిశ్చితార్థం అంటారా? దాన్ని చూసినవాళ్ళకి దానికో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. నిన్ను చూసినవాళ్ళకి నీకెవరూ లేరనే కదా తోస్తుంది!"

రిద్వాన్ మొహం కందగడ్డలా అయిపోయింది. "క్షమించండి," అని లేచి బయటికి వెళ్ళిపోయాడు. అవాతిఫ్ నోరు తెరిచి, "వాడికి..." అని ఆగి, తమ్ముడి వెనకాలే పరుగెత్తింది. లబీబ్ షర్బత్ గ్లాసులు తనే తీసి పక్కన పెట్టాడు.

తల్లీ కూతుళ్ళు ఒట్టి చేతులతో వీధిలోకి వచ్చారు. కిటికీల్లో ఎవరి గొంతూ లేవలేదు. ఒకావిడ మాత్రం, "ఏం హమీదా, డిజైన్లు నచ్చలేదా?" అని పైనుంచి అడిగింది. "కొట్టులో రద్దీగా ఉంది," అంది హమీదా తలెత్తకుండా.

ఇంట్లోకి వచ్చి తలుపు వేశాక అసలు గొడవ మొదలైంది. "ఒకడి ఉంగరం నువ్వు వెనక్కి పంపావు. ఇంకొకడు పెట్టుకోనే పెట్టుకోనంటున్నాడు. ఏం రాతే నీది? అతగాడికి ఇంకెక్కడో ఎవరో ఉన్నారు, నా మాట విను. లేకపోతే వెండి ఉంగరానికి అంత భయపడే మగాడు ఉంటాడా?"

ఇంకెవరో ఉన్నారని ఇన్షిరాహ్ అనుకోలేదు. ఉంగరం వద్దన్నందుకు కోపం కూడా రాలేదు. వద్దనేటప్పుడు తనవైపు ఒక్కసారీ చూడలేదన్నదే లోపల గుచ్చుకుంది. గుమాస్తా తల్లి పని మానమన్నప్పుడు ఆ గుమాస్తా కూడా ఇలాగే నేలచూపులు చూశాడు.

మర్నాడు ఉదయం కార్ఖానాకి వెళ్ళే దారి తప్పించి ఆమె నేరుగా లేత్ షెడ్డుకి వెళ్ళింది. నిశ్చితార్థం కూడా కాని పిల్ల అలా వెళ్ళడం బాగుండదని తెలుసు. అందుకని చేతిలో ఒక కుర్చీ కాలు పట్టుకుంది. రిద్వాన్ ఆమెని చూసి మిషన్ ఆపేశాడు. తిరుగుతున్న కొయ్య మెల్లిగా ఆగింది.

"కాలు పొట్టిదా?" అన్నాడతను.

"కాలు బానే ఉంది. మాటే పొట్టిది. నిన్న సగం చెప్పి వెళ్ళిపోయారు. మిగతా సగం వినడానికొచ్చాను."

రిద్వాన్ ఒక బల్ల మీది పొట్టు చేత్తో తుడిచి ఆమెని కూర్చోమన్నాడు. తను నిలబడే చెప్పాడు. ఇరవై ఏడో ఏట అతనికీ నిశ్చితార్థమైంది. పెట్టిన ఉంగరం పెళ్ళిదాకా తీస్తే అపశకునమని ఆ పిల్ల తల్లి అంటే, సరేనని లేత్ దగ్గర కూడా తీయలేదు. ఒకరోజు కొయ్య చివర పాత మేకు ఒకటి పొడుచుకొచ్చి ఉంది. చూసుకోలేదు. ఉంగరం దానికి తగులుకుంది.

"ఉంగరం లేకపోతే చర్మం గీసుకుని ఊరుకునేది. మిషన్ లాగినప్పుడు ఉంగరం వదల్లేదు. వేలే వదిలేసింది," అన్నాడు. "ఆ పిల్ల తండ్రి ఆస్పత్రికి కమలాలు పట్టుకొచ్చాడు. మంచాయనే. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి, మా మాట వెనక్కి తీసుకుంటున్నాం బాబూ అన్నాడు. ఆయన్నేం అనను. మళ్ళీ పనిలోకి వస్తానో రానో నాకే తెలీదప్పుడు."

"ఈ సంగతి నిన్న చెప్తే ఏం పోయేది?"

"ఉంగరాలు కొనడానికని మీ అమ్మగారిని తీసుకెళ్ళి, ఆ కొట్టులో కూర్చుని, ఉంగరం నా వేలు తినేసిందండీ అని చెప్పమంటావా?"

ఇన్షిరాహ్ చేతిలోని కుర్చీ కాలు పక్కన పెట్టింది. "మరి లేత్ దగ్గర తీసేసి, బయటికెళ్ళేప్పుడు పెట్టుకోవచ్చుగా?"

"అందరం అలాగే అనుకుంటాం. రోజూ తీస్తాం. ఏదో ఒకరోజు మర్చిపోతాం. ఆ ఒక్కరోజు చాలు." అతను ఆమె మొహం చూశాడు. "పెళ్ళినాడు పెట్టుకుంటానులే. ఫోటో దాకా."

"ఫోటో కోసమైతే స్టూడియోవాడే అద్దెకిస్తాడు. ఇంకా నయం, అల్లుణ్ణి కూడా అద్దెకివ్వడు," అంది ఆమె లేస్తూ. అతను నవ్వలేదు. ఆమె కూడా అంత తేలిగ్గా అనలేదు. అమ్మ ఆ వీధిలోనే బతకాలి, అతను ఆ మిషన్ దగ్గరే బతకాలి. రెండూ నిజమే.

ఆరోజు కార్ఖానాలో పెద్ద సోఫా వీపుకి పట్టుగుడ్డ పరుస్తున్నారు. అసలు కుట్టు వేసేముందు గుడ్డ జరగకుండా కచ్చాకుట్టు వేస్తారు. దూరం దూరంగా, వదులుగా. అది గుడ్డని పట్టి ఉంచుతుంది, పని అయ్యాక కొస పట్టి లాగితే సర్రున ఊడి వచ్చేస్తుంది, గుడ్డకి ఏ దెబ్బా తగలదు. ఇన్షిరాహ్ పదిహేనేళ్ళుగా ఆ దారం లాగుతూనే ఉంది. ఆ పూట లాగి, చేతిలోకి వచ్చిన దారాన్ని చూస్తూ ఉండిపోయింది. "ఏమైందే?" అని పక్కనున్నావిడ అడిగితే, "ఏం లేదు. ఉంగరానికి కచ్చాకుట్టు వేయొచ్చా అని చూస్తున్నా," అంది. పక్కనున్నావిడ ఆమె నుదురు ముట్టుకుని చూసింది.

సాయంత్రం అవాతిఫ్ ద్వారా రిద్వాన్‌కి కబురు పంపింది. సోమవారం లబీబ్ కొట్టు దగ్గరికి రమ్మంది. అతని ఎడమచేతి ఉంగరపు వేలంత, కుడిచేతి మధ్యవేలంత, రెండు కొయ్యవేళ్ళు లేత్ మీద తీసి పట్టుకు రమ్మంది. ఎందుకని అతను అడగలేదు. కొలతల విషయంలో అతనికి ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేదు.

సోమవారం హమీదా సణుగుతూనే కూతురి వెంట వచ్చింది. రిద్వాన్ అప్పటికే కొట్టులో ఉన్నాడు. నున్నగా తోమిన రెండు కొయ్యవేళ్ళు బల్ల మీద ఉన్నాయి, కణుపుల దగ్గర ఉబ్బుతో సహా. "ఇదేం విడ్డూరం!" అని హమీదా వాటికి దూరంగా కూర్చుంది.

ఇన్షిరాహ్ చెప్పింది విని లబీబ్ తల అడ్డంగా ఊపాడు. "ఉంగరమంటే చుట్టూ తిరిగి వచ్చి కలవాలి తల్లీ. కలవకపోతే అది ఉంగరం కాదు, కొక్కెం. నలభై అయిదేళ్ళలో విరిగిన ఉంగరం నా చేత్తో ఎవరికీ ఇవ్వలేదు."

"విరిగింది కాదు బాబాయ్, కోసింది. అరచేతి వైపు, సన్నగా. మామూలుగా ఉన్నంతసేపు పట్టుకుని ఉండాలి. గట్టిగా ఏదైనా లాగితే తెరుచుకుని ఊడి రావాలి."

"నిశ్చితార్థానికి కోసిన ఉంగరమా?" హమీదా చెంపలు వాయించుకుంది. "నీకు మతిపోయిందే? ఎవరైనా వింటే..."

"అత్తయ్యా," అన్నాడు రిద్వాన్.

అతను ఆమెని అలా పిలవడం అదే మొదలు. కుడిచెయ్యి తీసుకొచ్చి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు. "ఈ వేలు తీసుకుపోయింది ఉంగరమే. మిషన్ దగ్గర వేలికి ఉండిపోయింది. మొన్న చెప్పలేకపోయాను. నా తప్పే."

హమీదా మొదటిసారి ఆ చేతిని సరిగ్గా చూసింది. వేలు ఉండాల్సిన చోట మెరుస్తున్న చర్మం, చిటికెన వేలి మొండి కొస. చాలాసేపు చూసింది. "బాగా నొప్పెట్టిందా బాబూ?" అని అడిగింది.

"అప్పుడు తెలీలేదు. తర్వాత పెట్టింది."

హమీదా ముసుగు కొసతో ముక్కు తుడుచుకుంది. లబీబ్ వైపు తిరిగి, "కొయ్యి అన్నయ్యా," అంది.

ఇక ఆ కొట్టులో ఆ పూట జరిగింది బంగారం బేరంలా లేదు, వడ్రంగి షెడ్డులో పనిలా ఉంది. లబీబ్ మామూలు మందంలో ఉన్న ఒక వెండి ఉంగరాన్ని సన్న రంపంతో కోశాడు. కొయ్యవేలిని చిన్న పట్టకారులో బిగించి దానికి ఉంగరం తొడిగాడు. ఇన్షిరాహ్ సంచీలోంచి సోఫాలకి వాడే పురికొస తీసి, ఎంత లాగినా జారని ముడి వేసింది. రిద్వాన్ కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఉంగరం తెరుచుకోలేదు. కొయ్యవేలే పట్టకారులోంచి ఊడి ఎగిరి లబీబ్ కాఫీ కప్పుని పడగొట్టింది.

"మళ్ళీ వేలే పోయింది," అన్నాడు రిద్వాన్.

మొదట ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. ఇన్షిరాహ్ ముందు నవ్వింది, తర్వాత లబీబ్, చివరికి హమీదా కూడా నోటికి ముసుగు అడ్డం పెట్టుకుని ఊగిపోయింది.

రెండో ఉంగరం మరీ పల్చనైంది. కొయ్యవేలి మీద నుంచి చిటికెలో ఊడొచ్చింది, కానీ రిద్వాన్ సొంత వేలికి తొడిగి పిడికిలి బిగిస్తేనే తెరుచుకుపోయింది. "ఇది పెట్టుకుని కరచాలనం చేస్తే అవతలివాడి చేతిలోకి పోతుంది," అన్నాడు లబీబ్. ఆ ముసలాయనకి ఈపాటికి పంతం వచ్చేసింది. గాజులు కొనడానికొచ్చిన ఒక జంటని, "కాస్త కూర్చోండి, పనిలో ఉన్నాం," అని ఆపేశాడు. వాళ్ళు కూర్చోకుండా బల్ల చుట్టూ చేరి సలహాలివ్వడం మొదలుపెట్టారు. మూడో ఉంగరాన్ని వీపు వైపు కొంచెం ఆకురాయి పట్టి లబీబ్ ఇంకో రకంగా చేశాడు. అది పిడికిలికి ఆగింది. తలుపు గడియ తిప్పితే ఆగింది. పురికొసతో గుంజితే తెరుచుకుని ఊడొచ్చింది. రిద్వాన్ నమ్మలేదు. వంచి మళ్ళీ తొడిగి గుంజాడు, మళ్ళీ తొడిగి గుంజాడు. ఏడోసారికి లబీబ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "వెండిని అన్నిసార్లు వంచితే అలిసిపోతుంది నాయనా. నమ్మకం కుదిరిందా? కుదిరితే ఇదే కొలతకి కొత్తది చేసిస్తాను. కోత అంచులు చర్మానికి గీసుకోకుండా నున్నగా తోముతాను."

రిద్వాన్ కుడిచేతి మధ్యవేలికి దాన్ని పెట్టుకుని, వేళ్ళు చాపి కాసేపు చూసుకున్నాడు. మొహం కాస్త తెల్లబోయింది. కానీ తీయలేదు. "కుదిరింది," అన్నాడు ఇన్షిరాహ్ వైపు చూసి.

తర్వాత ఆమెది. హమీదా మనసు వెడల్పాటి ఉంగరం మీద ఉంది, పూలు చెక్కినది, వీధి చివరినుంచి కూడా కనబడేది. ఇన్షిరాహ్ అది పెట్టుకుని, వంపు సూది తీసి తన చేతిసంచీ అంచున నాలుగు కుట్లు వేసి చూసింది. మూడో కుట్టుకి దారం పూలకి చిక్కుకుంది. పక్కన పెట్టింది. సన్నగా, సాదాగా ఉన్నది ఇంకొకటి పెట్టుకుంది. దారం చిక్కలేదు, ఆమెకి నచ్చింది.

"ఏదీ," అని రిద్వాన్ దాన్ని తీసుకుని బొటనవేలితో అంచు తడిమాడు. కొయ్యని చూసే చెయ్యి అది, కంటికి కనబడనిది కూడా దానికి తెలుస్తుంది. "ఇది వద్దు. అంచు వాడిగా ఉంది. చిక్కదుగానీ నెమ్మదిగా దారాన్ని కోస్తుంది. రెండు మూడు నెలలు పోతే నీ కుట్లు తెగుతాయి, ఎందుకో నీకు తెలీదు." పళ్ళెంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తడిమి, పన్నెండోదో పదమూడోదో తీసి ఆమె ముందు పెట్టాడు. అంచులు లోపలికి గుండ్రంగా తిరిగిన మామూలు ఉంగరం. ఆమె కుట్టి చూసింది. వేలికి ఏదో ఉందన్న సంగతే తెలియలేదు.

"మరీ ఇంత సన్నదా? ఎవరికి కనబడుతుందే ఇది?" అని హమీదా నీరుగారిపోయింది.

"గాజులు వెడల్పువి తీసుకుందాం అత్తయ్యా. కుట్టేటప్పుడు ఎలాగూ తీసేస్తుంది," అన్నాడు రిద్వాన్. హమీదా వెంటనే గాజుల పళ్ళెం వైపు జరిగింది. అందులో అన్నిటికన్నా వెడల్పువి ఏరింది.

లోపలివైపు పేర్లు చెక్కేటప్పుడు లబీబ్ అడిగాడు, కోత ఉన్నచోట పేరు పడితే రెండు ముక్కలవుతుంది, ఎటు చెక్కమంటారు అని. "పైవైపు చెక్కండి. అక్కడ కోత లేదు," అంది ఇన్షిరాహ్. ఆమె పేరు అతని వెండిలో, అతని పేరు ఆమె బంగారంలో, కింద నిశ్చితార్థం తేదీ.

ఆరోజు వీధి మలుపు తిరగ్గానే మొదటి కూత పెట్టింది హమీదాయే. కిటికీలు ఒక్కొక్కటే అందుకున్నాయి.

నిశ్చితార్థం నాడు మాటలు పడనే పడ్డాయి. ఇన్షిరాహ్ మేనత్త కూతురొకతి పెళ్ళికొడుకు చేతిని ఇటూ అటూ తిప్పి చూసి, "అయ్యో, ఉంగరం విరిగిపోయిందేంటి! కంసాలి మోసం చేశాడా?" అంది నలుగురికీ వినబడేలా. ఇన్షిరాహ్ చెప్పబోయేలోపల హమీదా అందుకుంది. "మోసమేంటే? కైరోలో ఇప్పుడు ఇదే ఫ్యాషను. నీకెక్కడ తెలుస్తుంది, నువ్వు ఊరు దాటితేగా!" ఆ పిల్ల నోరు మూసుకుంది. అప్పటినుంచి హమీదా ఎవరడిగినా అదే చెప్పింది. చెప్పి చెప్పి చివరికి తనే నమ్మేసింది. ఏడాది తిరిగేలోపు వాళ్ళ వీధిలోనే ఇద్దరు పెళ్ళికొడుకులు, కొయ్యపనితో ఏ సంబంధమూ లేనివాళ్ళు, లబీబ్ కొట్టుకి వెళ్ళి కైరో ఉంగరం కావాలని అడిగారట. లేత్ పనివాళ్ళు మాత్రం ఎందుకో తెలిసే వెళ్ళారు.

ఎనిమిది నెలల తర్వాత పెళ్ళయింది. ఇద్దరూ ఉంగరాలు ఎడమచేతికి మార్చుకున్నారు. రిద్వాన్‌ది రెండో కొయ్యవేలి కొలతకి లబీబ్ మళ్ళీ బిగించి ఇచ్చాడు. ఎంత కోత ఉన్నా, ఎన్నిసార్లు గుంజి చూసినా, అతను దాన్ని లేత్ దగ్గర ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు. పొద్దున్న ఇంట్లోనే తీసి ఇన్షిరాహ్ చేతిలో పెట్టి వెళ్ళేవాడు, సాయంత్రం ఆమె ఇస్తే పెట్టుకునేవాడు. ఏ రోజైనా మర్చిపోతానేమోనని భయపడాల్సిన పని లేకుండా పోయింది, అంతే. ఇన్నేళ్ళలో ఆ ఉంగరం మూడుసార్లు తెరుచుకుంది. ఒకసారి బస్సు తలుపుకి తగులుకుని, ఒకసారి బీరువా మెట్లెక్కిస్తుంటే, ఒకసారి పెద్దకూతుర్ని చెరువుగట్టు ముళ్ళకంచెలోంచి లాగుతుంటే. మూడోసారికి రెండు ముక్కలైంది. కొత్తది చేయించుకున్నారు. అప్పటికి లబీబ్ లేడు, ఆయన కొడుకు చేశాడు.

ఇన్షిరాహ్‌కి ఇప్పుడు సొంత షెడ్డుంది, ఆమె కింద అయిదుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. కూతుళ్ళిద్దరిలో చిన్నది సూది ముట్టుకోదు, నర్సు అవుతానంటోంది. బయటినుంచి వచ్చిన పెద్ద మిషన్లు గంటకి వంద కాళ్ళు చెక్కేస్తుండటంతో రిద్వాన్‌కి మరమ్మతు పనులే మిగిలాయి, అదీ వారానికి నాలుగు రోజులు. మిగిలిన రోజుల్లో భార్య షెడ్డులో సోఫాల్లో కూరే పీచు దులుపుతాడు, ఎవరూ అడక్కపోయినా. వేసవిలో శుక్రవారాలు ఇద్దరూ బస్సెక్కి రాస్ ఎల్-బర్ వెళ్ళి సముద్రం ఒడ్డున కూర్చుంటారు. అతనికి నీళ్ళంటే గిట్టదు. ఆమె మోకాళ్ళ దాకా దిగి, "రండి, ఏం తినేయదు!" అని కేకేస్తుంది. ఇంతవరకు ఒక్కసారే దిగాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.